పట్టుబడ్డ క్షణం ఎవరిది?

నగరంలో వీధిన పోయే మనిషి ఒక్క క్షణంలో చేసిన చేష్టను, అతనికి చెప్పకుండా, అతన్ని నిలబెట్టకుండా, ఉన్నదున్నట్టు కెమేరాలో పట్టటాన్ని ఒక ప్రత్యేకమైన కళగా లోకం గుర్తించి చాలా కాలమయింది. వీధి ఛాయాచిత్రణం అనే ఈ కళను సమర్థించేవారు సాధారణంగా రెండు మాటలు చెబుతారు. ఏ ఏర్పాటూ లేకుండా దొరికిన దృశ్యం గనక అది సత్యమన్నది మొదటి మాట. వీధి అందరిదీ గనక అక్కడ కనిపించిందల్లా చూసినవాడి సొత్తేనన్నది రెండో మాట. మొదటిది సత్యానికి సంబంధించింది, రెండోది న్యాయానికి. రెండూ రుజువక్కర్లేని విషయాల్లాగే కనిపిస్తాయి. నా అభిప్రాయంలో రెండూ పరీక్షకు నిలవవు. అవి నిలవకపోతే ఆ కళే నిలవకుండా పోతుందా, లేక దానికి మరేదైనా ఆధారం ఉందా అన్నది విచారించవలసిన ప్రశ్న.

ఇది ఫొటోగ్రాఫర్లు తమలో తాము తేల్చుకోవలసిన వృత్తి సమస్య మాత్రమే అనుకోవటానికి వీల్లేదు. ఒకప్పుడు వీధిలో కెమేరా పట్టుకు తిరిగేవాడు నూటికో కోటికో ఒక్కడు. ఇవాళ జేబులో ఫోను ఉన్న ప్రతివాడూ ఆ పని చెయ్యగలడు. బస్టాండులో ఒళ్ళెరగక నిద్రపోతున్న కూలీని ఒక విద్యార్థి ఫొటో తీస్తే, ఆ కూలీ నిద్ర లేచేలోగానే అది వందలమంది చేతుల్లోకి పోతుంది. అదీగాక, కథ రాసేవాడూ పాట కట్టేవాడూ వీధిలోని బతుకునుంచే వస్తువు తెచ్చుకుంటున్నారు. ఎదుటివాడి బతుకులోంచి ఒక ముక్క తీసుకునే హక్కు మనకెక్కడిదన్న ప్రశ్న వాళ్ళకూ తప్పదు.

ముందు సత్యం సంగతి చూద్దాం. ఈ కళలో అందరూ పేర్కొనే పేరు ఫ్రాన్సుకు చెందిన ఆన్రీ కార్టియే బ్రెసాఁది. 1932లో పారిస్‌లోని సెంట్ లజార్ రైల్వే స్టేషను వెనక ఆయన తీసిన చిత్రం జగత్ప్రసిద్ధం. నీళ్ళు నిలిచిన నేల. అందులో పడి ఉన్న నిచ్చెన మీదినుంచి ఒక మనిషి అవతలకు దూకుతున్నాడు. మడమ ఇంకా నీళ్ళను తాకలేదు. కింద నీళ్ళలో అతని నీడ తలకిందులుగా దూకుతోంది. వెనక గోడమీది పోస్టరులో ఒక నర్తకి అదే భంగిమలో గాలిలో తేలుతోంది. రెప్పపాటు ముందయినా, రెప్పపాటు తరవాతయినా ఈ పొందిక లేదు. ఇరవయ్యేళ్ళ తరవాత, 1952లో, ఆయన చిత్రాలు పుస్తకంగా వచ్చాయి. అమెరికాలో దాన్ని అచ్చువేసినవారు పెట్టిన పేరుకు నిర్ణాయక క్షణం అని అర్థం. ఆ పేరే తరవాత ఒక సిద్ధాంతమై కూచుంది. ప్రతి సంఘటనకూ దాని సారమంతా బయటపడే క్షణం ఒకటుంటుందనీ, దాన్ని పట్టినవాడు సత్యాన్ని పట్టినట్టేననీ ప్రచారమయింది.

అయితే ఆ చిత్రం ఎలా తయారయిందో కార్టియే బ్రెసాఁయే చెప్పాడు. అక్కడ చెక్కల దడి ఉంది. చెక్కల సందులోంచి లెన్సు దూర్చి తీశాడు. ఏం పడుతోందో తనకే సరిగా కనిపించలేదు. అచ్చు వేసేటప్పుడు దడి కనిపించకుండా అంచు కత్తిరించారు. దీనివల్ల చిత్రం గొప్పతనం తగ్గదు. కాని ఏర్పాటు లేని దృశ్యమన్న మాటకు అర్థం మారుతుంది. దూకినవాడు ఏర్పాటు చేసుకోలేదన్న మాట నిజమే; తీసినవాడు చేశాడు. చోటును ఎంచాడు, తీసిన వాటిలో ఒకదాన్ని ఉంచి తక్కినవాటిని పక్కన పెట్టాడు, ఉంచినదాని అంచు దిద్దాడు. మన ఆలంకారికుల్లో స్వభావోక్తిని గురించి నడిచిన వివాదం ఇలాంటిదే. ఉన్నదున్నట్టు చెప్పటాన్ని దండి మొదటి అలంకారంగా లెక్కపెట్టాడు. కుంతకుడు ఒప్పుకోలేదు. వస్తువు స్వభావమే అలంకారమైతే ఇక అలంకరింపబడేదేమిటని అడిగాడు. ఆ వాదంలో ఎవరి పక్షం వహించినా ఒకటి మాత్రం తేలుతుంది: ఉన్నదున్నట్టు అనిపించటం కూడా కవి పనితనమేగాని వస్తువు తనంతట తాను వచ్చి పలకటం కాదు. కెమేరా యంత్రం గనక ఈ సంగతి మరుగున పడుతుంది.

రెండో ఉదాహరణ ఇంకా విస్పష్టం. పారిస్ నగర భవనం ఎదుట, జనం నడిచే దారిలో, ఒక యువకుడు యువతిని ముద్దుపెట్టుకుంటున్న చిత్రాన్ని రొబేర్ దువానో 1950లో 'లైఫ్' పత్రిక కోసం తీశాడు. 1986లో అది పోస్టరుగా వచ్చి దేశదేశాల్లో గోడలకెక్కింది. చూసినవారంతా అనుకోకుండా కెమేరాకు చిక్కిన ముద్దనే నమ్మారు. చివరకు ఒక జంట ఆ ఇద్దరూ తామేననీ, తమ అనుమతి తీసుకోలేదనీ కోర్టుకెక్కారు. అప్పుడు దువానో నిజం చెప్పవలసి వచ్చింది. చిత్రంలో ఉన్నది ఇద్దరు నాటక విద్యార్థులు. వాళ్ళు నిజంగా ప్రేమికులే. తన కెమేరా ముందు ముద్దుపెట్టుకోమని ఆయనే అడిగాడు. అసలు యువతి కూడా తనకు వాటా రావాలని దావా వేసింది, గెలవలేదు. కాని తీసిన కొత్తలో దువానో ఇచ్చిన ప్రతి ఒకటి ఆమె దగ్గరుండిపోయింది. 2005లో వేలంలో అది 1,55,000 యూరోలకు పోయింది.

ఇప్పుడు ఆ చిత్రం అబద్ధమా? ముద్దు అబద్ధం కాదు, ప్రేమ అబద్ధం కాదు, వీధి అబద్ధం కాదు. యుద్ధమూ జర్మన్ ఆక్రమణా దాటివచ్చిన నగరంలో పడుచువాళ్ళు బహిరంగంగా ప్రేమించుకుంటున్నారన్న సామాజిక సత్యమూ అబద్ధం కాదు. అబద్ధమల్లా చూసేవాళ్ళను ఇది అకస్మాత్తుగా దొరికిందని అనుకోనివ్వటంలో ఉంది. వేరొక జంట ఏళ్ళ తరబడి అందులో తమ యౌవనాన్ని చూసుకున్నదంటే, ఆ మౌనం ఎంత పని చేసిందో ఊహించవచ్చు. కనక ఫొటో సత్యాసత్యాలు ఏర్పాటు ఉన్నదా లేదా అన్నదాన్ని బట్టి తేలవు. చిత్రం ఏమని చెప్పుకుంటోంది, ఎవరితో చెబుతోంది, ఆ చెప్పటంలో నిజాయితీ ఎంత అన్నదాన్ని బట్టి తేలుతాయి. అకస్మాత్తు అన్నది సత్యానికి పూచీ కాదు. అంగట్లో మాత్రం అది సరుకు విలువ పెంచే ముద్ర.

ఇక న్యాయం సంగతి. కార్టియే బ్రెసాఁ పుస్తకానికి ఫ్రెంచి పేరు వేరు. దాని అర్థం దాదాపు "దొంగచాటుగా తీసిన బొమ్మలు" అని. ఆ ఫ్రెంచి మాటను ఎక్కువగా వాడేది లైసెన్సు లేకుండా వీధిలో సరుకు పరుచుకుని, పోలీసు కనిపించగానే మూట కట్టుకుని పరుగెత్తే చిల్లర వర్తకుల గురించి. అంటే ఫొటోగ్రాఫరు తనను ఆ వర్తకుడితో పోల్చుకున్నాడన్నమాట. ఈ పోలికలో వినయముంది, చమత్కారముంది. కాని ఒక తేడా ఉంది. పట్టుబడితే వర్తకుడి సరుకు పోతుంది, ఆ పూట కూడు పోతుంది. ఫొటోగ్రాఫరు పట్టుబడితే మహా అయితే నాలుగు మాటలు పడతాడు.

ఈ తేడాను పాల్ స్ట్రాండ్ 1916లో న్యూయార్కులో తీసిన చిత్రం తనకు తెలిసో తెలియకో బయటపెట్టింది. గోడకానుకుని ఒక ముసలి గుడ్డి స్త్రీ. మెడలో "గుడ్డిది" అని పెద్ద అక్షరాల అట్ట. దానిపైన నగరపాలకులిచ్చిన లైసెన్సు బిళ్ళ, దాని మీద నంబరు. ఆ రోజుల్లో వీధుల్లో ముఖాలను తియ్యటానికి స్ట్రాండ్ కెమేరా పక్కన బూటకపు లెన్సు అమర్చి, దాన్ని వేరే దిక్కుకు చూపిస్తూ అసలు లెన్సుతో ఎదుటివాళ్ళను తీసేవాడు. 1917లో ఈ చిత్రం 'కెమేరా వర్క్' చివరి సంచికలో అచ్చయింది. ఆధునిక ఛాయాచిత్రణానికి మైలురాయి అన్నారు. ఆ మాట సరైనదే. పేదరికాన్ని అందంగా ముస్తాబు చేసే అలవాటును అది ఒక్క దెబ్బతో తోసిపుచ్చింది. కాని గమనించండి. వీధిలో నిలబడి నాలుగు పైసలు సంపాదించుకోవటానికి ఆమెకు లైసెన్సు కావలసివచ్చింది. ఆమె ముఖాన్ని తీసుకుపోవటానికి ఆయనకు ఏ లైసెన్సూ అక్కర్లేకపోయింది. ఆమె చూడలేదు, చూడగలవాళ్ళకు ఆయన బూటకపు లెన్సు చూపించాడు.

వీధి అందరిదీ అన్న మాటలోని లొసుగు ఇక్కడే ఉంది. చట్టం దృష్టిలో వీధి అందరిదే. బతుకులో కాదు. ఉన్నవాడికి వీధి ఒక ఇంటినుంచి మరో ఇంటికి పోయే దారి. అతని తిండీ, నిద్రా, స్నానమూ, ఏడుపూ, భార్యతో కలహమూ అన్నీ గోడల వెనక జరుగుతాయి. గేటు దగ్గర కాపలాదారుంటాడు. లేనివాడికి వీధే వంటిల్లు, వీధే పడకగది, వీధే పని చేసుకునే చోటు. కాబట్టి "వీధిలో కనిపించిందంతా తియ్యవచ్చు" అనే సూత్రాన్ని అందరికీ సమానంగా అమలు జరిపితే, అందులో ఒక వర్గానికి నడక మాత్రమే చిక్కుతుంది, మరో వర్గానికి మొత్తం బతుకే చిక్కుతుంది. సమాన సూత్రం అసమాన సమాజంలో అసమానంగా పని చేస్తుందని మనం కూలి ఒప్పందాల విషయంలో చెప్పుకుంటూనే ఉంటాం. చూపు విషయంలో ఎందుకు మరిచిపోవాలి? ప్రపంచపు వీధి చిత్రాల్లో అడుక్కునేవాళ్ళూ, కూలీలూ, పిచ్చివాళ్ళూ, పేదింటి పిల్లలూ అంత ఎక్కువగా కనిపించటానికి కారణం కళాకారుల దయార్ద్ర హృదయం ఒక్కటే కాదు. వాళ్ళకు తలుపుల్లేవు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. అడిగి తీస్తే ముఖం మారిపోతుంది గదా; మనిషి వెంటనే నటుడవుతాడు గదా? నిజమే. వాకర్ ఎవాన్స్ 1938 నుంచి 1941 దాకా న్యూయార్కు భూగర్భ రైళ్ళలో కోటు గుండీల మధ్య కెమేరా దాచి ఎదుటి ప్రయాణికులను తీశాడు. పని ముగించుకుని ఇంటికి పోయేవాళ్ళ అలసట, ఎవరికోసమూ అమర్చుకోని ముఖాలు ఆ చిత్రాల్లో ఉన్నాయి. అడిగి ఉంటే అవి దొరికేవి కావు. కాని అదే ఎవాన్స్ ఆ చిత్రాలను పుస్తకంగా వెయ్యటానికి పాతికేళ్ళు పట్టింది. అది 1966లోగాని రాలేదు. ఆలస్యానికి కారణాలెన్నయినా ఉండనివ్వండి, ఒక విషయం దానివల్ల స్పష్టమవుతుంది: తియ్యటం వేరు, నలుగురి ముందు పెట్టటం వేరు. ఈ రెంటి మధ్యా కాలముంది, ఆలోచనకు చోటుంది. మీట నొక్కే క్షణంలో ఆలోచించే వ్యవధి ఉండదన్నది నిజం. అచ్చు వేసేటప్పుడు ఉండదన్నది సాకు.

కెనడా సుప్రీంకోర్టు 1998లో ఒక కేసులో దాదాపు ఈ తేడానే పట్టించుకుంది. మాంట్రియల్‌లో ఒక భవనం మెట్లమీద కూచుని ఉన్న పదిహేడేళ్ళ అమ్మాయిని ఫొటో తీసి, ఆమె అనుమతి లేకుండా ఒక పత్రికలో వేశారు. తోటివాళ్ళు ఎగతాళి చేశారని ఆమె దావా వేసింది. కళాస్వేచ్ఛ ఆ ప్రచురణకు సరిపడా సమర్థన కాదని న్యాయమూర్తుల్లో అధికసంఖ్యాకులు భావించి, ఆమెకు 2,000 డాలర్ల పరిహారం ఖాయం చేశారు. న్యాయమే. కాని అంగీకారాన్ని ఏకైక గీటురాయిగా చేసుకుంటే మరో ప్రమాదం ఉంది. దాన్ని అర్థం చేసుకోవటానికి మన దేశంలోనే ఒక వీధికి పోవాలి.

1943లో కలకత్తా పేవ్‌మెంట్ల మీద పల్లెలనుంచి వచ్చిన జనం ఆకలితో చచ్చిపోతున్నారు. ఆ క్షామానికి బలయినవారు సుమారు 30 లక్షలని అంచనా. అప్పటి ప్రభుత్వం క్షామమన్న మాటనే బయటికి పొక్కనివ్వకుండా చూసింది. ఆగస్టులో 'స్టేట్స్‌మన్' పత్రిక వీధుల్లో పడి ఉన్నవారి ఫొటోలు అచ్చువేసింది. ఆ తరవాత ఉన్నదాన్ని లేదనటం ప్రభుత్వానికి సాధ్యం కాలేదు. ఆ ఏడాదే పి.సి. జోషీ వెంట, చిత్రకారుడు చిత్తప్రసాద్‌తో కలిసి బెంగాల్ తిరిగిన సునీల్ జానా చిత్రాలు కమ్యూనిస్టు పార్టీ పత్రిక 'పీపుల్స్ వార్'లో వచ్చాయి. చావుకు దగ్గరగా ఉన్న తల్లిని "అమ్మా, తీసుకోనా" అని అడిగి, సంతకం తీసుకుని అప్పుడు తియ్యాలని ఎవరైనా అంటే, ఆ నీతి ఎవరికి ఉపయోగపడేది? ధాన్యం దాచిన వర్తకుడికీ, క్షామాన్ని దాచిన పాలకుడికీ. కనక అంగీకారం లేని చిత్రమల్లా దొంగతనమని తీర్మానిస్తే, పీడితుడికి సాక్ష్యం లేకుండా చేసినవాళ్ళమవుతాం.

న్యూయార్కు గుడ్డి స్త్రీ చిత్రానికీ కలకత్తా చిత్రాలకూ తేడా ఎక్కడుంది? రెంటిలోనూ అనుమతి లేదు. రెండూ ఆకస్మికమే. తేడా చిత్రం ఎవరి పక్షాన, ఎవరిని ప్రశ్నిస్తూ లోకంలోకి వెళ్ళిందన్న దానిలో ఉంది. కలకత్తా చిత్రాలు చచ్చిపోతున్నవారిని చూపించి, చంపుతున్నవారిని నిలదీశాయి. ప్రదర్శనశాల గోడమీది గుడ్డి స్త్రీ ఎవరినీ నిలదియ్యకుండానే కళాఖండం కాగలదు, అయింది కూడా. అయితే ఈ తేడా కూడా శాశ్వతం కాదు. కలకత్తా చిత్రాలే రేపు ఖరీదైన పుస్తకంలో, ఊరూ పేరూ ఏడాదీ లేకుండా, "ఆకలి" అన్న శీర్షిక కింద పడితే, వాటి పక్షమూ పోతుంది. ఫొటో తనంతట తాను ప్రగతిశీలం కాదు. దాని వాడకమే దాన్ని అలా నిలబెడుతుంది.

"వీధిలో ఉన్నవాణ్ణి ఎవరైనా చూడొచ్చు" అన్న సూత్రాన్ని కళాకారుడికోసం మనం బేషరతుగా సమర్థిస్తే, అదే సూత్రాన్ని రాజ్యం ఎత్తుకుంటుంది. 2021లో, కోవిడ్ ఆంక్షల రోజుల్లో, హైదరాబాదు వీధిలో ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు ఆపి, మాస్కు తియ్యమన్నారు. ఆయన కాదన్నా ఫొటో తీసుకున్నారు. ముఖాలను యంత్రంతో పోల్చి గుర్తుపట్టే పద్ధతి వాడుకలోకి వచ్చిన నగరంలో తన ముఖాన్ని ఏం చేస్తారో చెప్పమని ఆయన హైకోర్టుకు వెళ్ళాడు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పి ఉంది. వీధిలోకి రావటంతోనే మనిషి తన ముఖాన్ని వదులుకున్నట్టు కాదన్నది ఇవాళ ప్రజాస్వామిక హక్కుల సమస్య. పోలీసు కెమేరా విషయంలో ఈ మాట అని, కళాకారుడి కెమేరా విషయంలో మరో మాట అనాలంటే, మనకు బలమైన కారణం ఉండాలి. కళాకారుడు కళాకారుడు గనక అన్నది కారణం కాదు. పోలీసు కెమేరా జవాబు చెప్పదు. కళాకారుడు జవాబు చెప్పటానికి సిద్ధపడతాడు అన్నదొక్కటే చాలిన కారణం.

జవాబు చెప్పటమంటే ఏమిటో స్ట్రాండ్ జీవితమే చూపిస్తుంది. న్యూయార్కులో అభ్యుదయ ఛాయాచిత్రకారులు 1936లో పెట్టుకున్న ఫొటో లీగ్‌ను 1947లో ప్రభుత్వం నిషిద్ధ జాబితాకెక్కించింది; 1951లో అది మూతపడింది. ఆ వాతావరణంలో, 1950లో, స్ట్రాండ్ దేశం విడిచి ఫ్రాన్సులో స్థిరపడ్డాడు. 'బైసికిల్ థీవ్స్' రచయిత జవత్తీనితో కలిసి, ఆయన సొంత ఊరు లుజ్జారాలో 1953లో ఫొటోలు తీశాడు. 1955లో పుస్తకమయింది. బూటకపు లెన్సు లేదు. ఎదురుగా, అందరికీ కనిపించేట్టు కెమేరా నిలబెట్టాడు. రైతులూ కూలీలూ నేరుగా మనల్ని చూస్తున్నారు. ఒక చిత్రంలో వాకిట్లో తల్లి, చుట్టూ అయిదుగురు కొడుకులు. చిత్రాల పక్కన ఊరివాళ్ళు తమ బతుకును గురించి చెప్పుకున్న మాటలను జవత్తీని కూర్చాడు. 1916లో మాట లేని గుడ్డి స్త్రీ; 1953లో చూపూ మాటా రెండూ ఉన్న జనం. ఈ మధ్య కాలంలో మారింది కెమేరా ఒక్కటే కాదు, దాని వెనకనున్న మనిషికీ ఎదుటనున్న మనిషికీ మధ్యగల సంబంధం.

అంతమాత్రాన అందరూ లుజ్జారా పద్ధతే పాటించాలని నేననటం లేదు. అలాగైతే దూకే మనిషీ, రైల్లో అలసిన ముఖమూ, ఊరేగింపులో లాఠీ ఎత్తిన చెయ్యీ మనకు దక్కవు. ఆకస్మిక క్షణం విలువైనదే. దాన్ని పట్టినవాడి మీద దానితోపాటు ఒక రుణం పడుతుంది. తీసినది ఏర్పాటో కాదో దాచకపోవటం, ఊరూ ఏడాదీ సందర్భమూ చెరిపెయ్యకపోవటం, ఎదుటివాడు వద్దంటే చెరిపెయ్యటం, అతని ముఖం అమ్ముడుపోతే అందులో అతనికేం దక్కిందని తన్ను తాను అడుగుకోవటం, బలహీనుడి నిస్సహాయతకన్నా బలవంతుడి దౌర్జన్యం మీద కెమేరా ఎక్కువసార్లు తిప్పటం: ఇవి ఆ రుణం తీర్చే మార్గాల్లో కొన్ని. వీటిలో ఏ ఒక్కటీ మీట నొక్కే వేగాన్ని తగ్గించదు.

కథకులకూ కవులకూ వీటిలో కొత్తదేమీ కనిపించకపోవచ్చు. రిక్షా తొక్కేవాడిమీద కథ రాసి బహుమతి పొందినప్పుడు ఆ కథ అతనికి వినిపించగలనా అన్న ప్రశ్న మన సమావేశాల్లో ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. ఫొటో విషయంలో అది మరింత పదునెక్కుతుంది, ఎందుకంటే అక్కడ మారుపేరు పెట్టి దాటెయ్యటానికి వీల్లేదు, ముఖం ముఖమే. క్లాసులో ప్రతి విద్యార్థి చేతిలోనూ కెమేరా ఉన్న కాలంలో మనం పాఠం చెబుతున్నాం. ఫొటో బాగుందా లేదా అన్న చర్చతో ఆగకుండా, ఇందులో ఉన్న మనిషి మనముందు కూచుని ఉంటే ఇదే మాట అనగలమా అని ఒక్కసారి అడిగించగలిగితే, ఆ రోజు పాఠం వృథా పోదు.